జోడు సిలిండర్ల బండి: స్లో మిస్సింగ్ ఎట్లా పోగొట్టాలి?

నిజామాబాద్ నుంచి బోధన్‌కు పోయే రోడ్డు. అర్సపల్లి దాటింది బండి. దారి ఖాళీగా ఉంది. బండి జోరుగా పోతోంది. శబ్దం నిండుగా ఉంది. లోపం ఏమీ కనబడదు.

ఎడపల్లి దగ్గర ముందు ఒక ట్రాలీ వచ్చింది. నిండా చెరకు లోడు. రేసు తగ్గించాలి. తగ్గించగానే బండి గుంజుకుంటుంది. ఒకసారి ముందుకు దూకుతుంది. ఒకసారి ఆగినట్టు అవుతుంది. కొంచెం రేసు ఇస్తే వినదు. ఎక్కువ ఇస్తే ఎగిరి పడుతుంది. చివరికి ట్రాలీ వెనకే ఆగిపోతుంది. వెనక బస్సు హారన్ కొడుతుంటుంది.

దీన్నే మెకానిక్‌లు "స్లో మిస్సింగ్" అంటారు. "స్లో నిలబడతలేదు" అని కూడా అంటారు.

ఒక సిలిండర్ బండికి కూడా ఈ జబ్బు వస్తుంది. రెండు సిలిండర్ల పెద్ద బండికి వస్తే కొంచెం చిక్కు. ఎందుకంటే అక్కడ రెండు గుండెలు ఉన్నాయి. రెండూ ఒకే తీరుగా కొట్టుకోవాలి. కానీ అందులోనే ఒక సులువు కూడా ఉంది. ఒకటి చెడితే, బాగున్నది పక్కనే ఉంటుంది. దాన్ని చూసి దీన్ని సరిచేయవచ్చు. ఈ పాఠం అంతా ఆ సులువు మీదనే నడుస్తుంది.

ఏ బండ్లు ఇవి?

మన దేశంలో అందరికీ తెలిసిన జోడు బండి రాజ్‌దూత్ 350. ఫరీదాబాద్‌లోని ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని 1983లో తెచ్చింది. జపాన్‌కు చెందిన యమహా కంపెనీ బండి అది. రెండు సిలిండర్లు. రెండు కార్బరేటర్లు. టూ స్ట్రోక్ ఇంజను. చాలా వేగం. పెట్రోలు కూడా బాగా తాగుతుంది. ఆ రోజుల్లో కొనలేక వదిలేసినవారే ఎక్కువ. 1990 వచ్చేసరికి దాని తయారీ ఆగిపోయింది. అయినా ఇప్పటికీ కొందరు దాన్ని ప్రాణంలా చూసుకుంటారు.

రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ 650. ఇది 2018లో వచ్చింది. దీనికి కార్బరేటర్ లేదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఎజ్డీ, జావా పాత బండ్లకు కూడా రెండు సైలెన్సర్లు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 250 సి.సి. ఎజ్డీకి సైలెన్సర్లు రెండు, సిలిండర్ మాత్రం ఒక్కటే. కాబట్టి సైలెన్సర్లు చూసి లెక్క పెట్టకండి. ప్లగ్గులు లెక్క పెట్టండి.

స్లోలోనే ఎందుకు?

కార్బరేటర్ పని ఏమిటి? పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు పంపడం. దాని కింద ఒక కప్పు ఉంటుంది. అందులో పెట్రోలు నిలవ ఉంటుంది. పైకి పోవడానికి రెండు దారులు ఉంటాయి.

పెద్ద దారిని మెయిన్ జెట్ అంటారు. రేసు బాగా ఇచ్చినప్పుడు పెట్రోలు ఇక్కడినుంచి పోతుంది. చిన్న దారిని పైలట్ జెట్ అంటారు. కొందరు స్లో జెట్ అంటారు. రేసు తక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువగా ఇక్కడినుంచే పోతుంది.

స్లో జెట్ ఇత్తడితో చేసిన చిన్న ముక్క. దాని నడుమ ఒక రంధ్రం. ఆ రంధ్రంలో ఆవగింజ కూడా పట్టదు. అంత సన్నం. బండిని రెండు నెలలు వాడకుండా పెడితే కప్పులోని పెట్రోలు ఆరుతుంది. అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు ముందుగా మూసేది ఈ సన్న రంధ్రాన్నే.

అందుకే బండి జోరులో బాగుంటుంది. స్లోలో చెడుతుంది. ఈ ఒక్క గుర్తుతోనే సగం జబ్బు తెలిసిపోతుంది.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే వేడి పెరుగుతుంది. వేడి మరీ పెరిగితే పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది. దీన్ని సీజ్ అంటారు. నడుస్తున్న బండి సీజ్ అయితే వెనక చక్రం బిగుసుకుంటుంది. మనిషి పడిపోతాడు. అట్లా అనిపించిన క్షణమే క్లచ్ పట్టాలి. రాజ్‌దూత్ 350 నడిపే పాతవాళ్ళు రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదనే పెట్టేవారు. భయంతో కాదు, అనుభవంతో.

అన్నీ పెట్రోలు జబ్బులు కావు

కార్బరేటర్ విప్పే ముందు రెండు చూడాలి. వీటికి పైసా ఖర్చు లేదు.

ఒకటి, చైను. చైను వదులుగా ఉంటే స్లోలో బండి గుంజుతుంది. అది మిస్సింగ్ లాగే అనిపిస్తుంది. రెండు, రేసు వైరు. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పండి, కుడికి తిప్పండి. ఇంజను వేగం మారితే వైరు ఎక్కడో పట్టేస్తోందని అర్థం. చోక్ పూర్తిగా మూసుకుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

మనవాళ్ళు చాలామంది నేరుగా షెడ్డుకు పోతారు. అక్కడ మాట ఇట్లా నడుస్తుంది:

"ఏమైంది తమ్మీ?"

"స్లో నిలబడతలేదు ఉస్తాద్. కార్బరేటర్ కొత్తది ఎయ్యాలె అంటున్రు."

"ఎవరన్నరు? ఏ పక్కది ఖరాబైందో చూసినవా?"

"ఏ పక్కదో నాకెట్ల తెలుస్తది?"

ఉస్తాద్ అడిగినదే అసలు ప్రశ్న. ఏ పక్కది? ఇది తెలియకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

ఏ పక్కది చెడింది?

పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేయండి. స్లోలో ఒక నిమిషం నడవనివ్వండి. ఇంజను దగ్గర సైలెన్సర్ గొట్టాల మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. రెండు గొట్టాల మీద చల్లాలి. ఒకదాని మీద నీళ్ళు చుయ్‌మని ఆవిరైపోతాయి. రెండోదాని మీద చుక్క అట్లాగే నిలుస్తుంది. నిలిచిన పక్కదే పని చేయడం లేదు. చేత్తో ముట్టుకొని చూడకండి. కాలుతుంది.

రెండు గొట్టాలూ వేడిగానే ఉన్నా బండి గుంజుతుందా? అప్పుడు రెండూ పని చేస్తున్నాయి, కానీ సమానంగా చేయడం లేదు. దాని సంగతి ముందుకు వస్తుంది.

ఇప్పుడు ప్లగ్గులు విప్పండి. పక్కపక్కన పెట్టి చూడండి. కొన బిస్కట్ రంగులో ఉంటే మంచిది. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైందనో, నిప్పురవ్వ సరిగా రావడం లేదనో అనుకోవాలి. తెల్లగా, ఎండినట్టు ఉంటే గాలి ఎక్కువైంది. తెల్లది నల్లదానికన్నా ప్రమాదం. అది సీజ్‌కు దారి.

తరువాత ఎడమ ప్లగ్గును కుడికి, కుడి ప్లగ్గును ఎడమకు పెట్టండి. మళ్ళీ నీళ్ళ చుక్కల పరీక్ష చేయండి. జబ్బు పక్క మారిందా? అయితే ప్లగ్గే చెడింది. కొత్త ప్లగ్గుతో పని అయిపోయింది. జబ్బు అదే పక్కన ఉందా? అయితే ప్లగ్గు మంచిదే. పక్క మార్చి చూసే ఈ పద్ధతి ఒక సిలిండర్ బండికి లేదు. జోడు బండికే ఉన్న లాభం ఇది.

ప్లగ్గు బాగుంటే ఆ పక్క పాయింట్లను, కాయిల్‌ను ఒకసారి ఉస్తాద్‌తో చూపించండి. నిప్పురవ్వ సరిగా వస్తోందని తేలాకే కార్బరేటర్ మీద చెయ్యి వేయండి.

కప్పు విప్పితే ఏం కనబడుతుంది?

ముందు పెట్రోలు కాక్ మూయండి. బీడీ, సిగరెట్, దీపం దగ్గర ఉండకూడదు. గాలి ఆడే చోట కూర్చోండి. ఇంజను చల్లబడి ఉండాలి.

కప్పులోని పెట్రోలును గాజు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర తేలిందా? నడుమ గీత గీసినట్టు కనబడుతుందా? అయితే లోపలికి నీళ్ళు చేరాయి.

నీళ్ళు ఎట్లా చేరాయి? ఇక్కడ మన చెరకు సంగతి చెప్పుకోవాలి.

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. శక్కర్‌నగర్ పేరు దాని వల్లనే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని పేరు పొందింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఎంతోమంది పని పోయింది. చెరకు రైతులు వేరే ఫ్యాక్టరీలు వెతుక్కోవలసి వచ్చింది. చాలామంది వరికి మళ్ళారు.

చెరకు రసం నుంచి చక్కెర తీశాక నల్లని చిక్కటి మడ్డి మిగులుతుంది. దాన్ని మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి, కాచి, ఆల్కహాలు తీస్తారు. ఈ ఆల్కహాలు పేరు ఇథనాల్. ఇప్పుడు మొక్కజొన్న నుంచి, నూకల నుంచి కూడా తీస్తున్నారు. దీన్నే పెట్రోలులో కలుపుతున్నారు. 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైంది. 2022 నాటికి దేశంలో 10 శాతానికి చేరింది. 2025లో 20 శాతానికి చేరింది. అంటే 5 లీటర్లు పోయించుకుంటే అందులో 1 లీటరు ఇథనాల్.

ఇథనాల్ వల్ల బయటి దేశాల నూనె కొనుగోలు తగ్గుతుంది. రైతు పంటకు ఇంకో గిరాకీ దొరుకుతుంది. ఇవి మంచి సంగతులే. కానీ 1980లలో తయారైన కార్బరేటర్‌కు ఈ సంగతి తెలియదు. అది పూర్తి పెట్రోలు కోసం చేసిన సామాను.

రెండు తేడాలు వస్తాయి. మొదటిది నీళ్ళు. పెట్రోలు, నీళ్ళు కలవవు. ఆల్కహాలు, నీళ్ళు కలుస్తాయి. గాలిలోని తేమను కూడా ఇథనాల్ కొంచెం లాక్కుంటుంది. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు పాడైతే నీళ్ళు నేరుగా దిగుతాయి. కొంచెం నీళ్ళు ఉంటే పెట్రోలులోనే కలిసి ఉంటాయి. ఎక్కువైతే ఆల్కహాలును వెంట తీసుకొని అడుగుకు దిగుతాయి. కార్బరేటర్‌కు పెట్రోలు పోయేది ట్యాంకు అడుగునుంచే కదా. అప్పుడు స్లో జెట్‌లోకి పోయేది పెట్రోలు కాదు, ఆ అడుగు నీరు.

రెండో తేడా కొలతలో ఉంది. 1 కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14 కిలోల 700 గ్రాముల గాలి కావాలి. 1 కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. దాని లోపలే కొంత ఆక్సిజన్ ఉంది. జెట్ రంధ్రం పాతదే. లోపలికి వచ్చే గాలి పాతదే. అంటే కొత్త పెట్రోలుకు గాలి కొంచెం ఎక్కువైనట్టు. జోరులో ఇది పెద్దగా తెలియదు. స్లోలో తెలుస్తుంది.

సీసాలో నీటి పొర కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. ఆ పాత పెట్రోలును మోరీలో పోయకండి. పొయ్యి అంటించడానికి ఎవరికీ ఇవ్వకండి. ఆ పని చేసి ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. షెడ్డులో అప్పగించండి.

జెట్ మీద అంకె

స్లో జెట్‌ను విప్పి వెలుగుకు ఎత్తి చూడండి. రంధ్రంలోంచి గుండ్రని వెలుగు చుక్క కనబడాలి. కనబడకపోతే మూసుకుపోయింది. కార్బరేటర్ క్లీనర్ వేసి గాలి కొట్టించండి. సూది, గుండుపిన్ను, ఇనుప తీగ మాత్రం దూర్చకండి. ఇత్తడి మెత్తన. రంధ్రం పెద్దదవుతుంది. మన కంటికి తేడా తెలియదు. ఇంజనుకు తెలుస్తుంది.

జెట్ మీద చిన్న అంకె చెక్కి ఉంటుంది. చాలా చిన్నది. భూతద్దం ఉంటే మంచిది. ఎడమ జెట్ మీద ఏ అంకె ఉందో, కుడి జెట్ మీద కూడా అదే ఉండాలి. అది బండి పుస్తకంలోని అంకెతో సరిపోవాలి. చేతులు మారిన పాత బండ్లలో ఇక్కడే మోసం జరుగుతుంది. జెట్ దొరకలేదని ఎవరో వేరే బండిది వేసి ఉంటారు. ఒక పక్క ఒక అంకె, ఇంకో పక్క ఇంకో అంకె. అట్లాంటి బండిని ఎంత ట్యూన్ చేసినా స్లో నిలబడదు.

బిల్లు మీద "జెట్ మార్చాం" అని రాసి ఉంటే పాత జెట్‌ను అడిగి తీసుకోండి. కొత్తదాని అంకె మీరే చదవండి. అడగడంలో తప్పు లేదు. మంచి ఉస్తాద్ తనే చూపిస్తాడు.

రబ్బరు పగుళ్ళు

కార్బరేటర్‌కూ ఇంజనుకూ నడుమ ఒక రబ్బరు ముక్క ఉంటుంది. నలభై ఏళ్ళ బండిలో అది గట్టిపడి పగులుతుంది. పగులులోంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంది. స్లోలో గాలి పీల్పు ఎక్కువ. అందుకే స్లోలోనే దీని గుట్టు బయటపడుతుంది.

ఇంజను స్లోలో నడుస్తుండగా ఆ రబ్బరు చుట్టూ సన్నగా నీళ్ళు చిమ్మండి. ఇస్త్రీ చేసేవాళ్ళ చిమ్ముడు సీసా చాలు. వేగం మారితే అక్కడ పగులు ఉన్నట్టే. కొందరు ఈ పరీక్ష పెట్రోలుతో చేస్తారు. వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్మడం నిప్పుతో ఆట. వద్దు. పగిలిన రబ్బరుకు అంటు వేసి లాభం లేదు. మార్చాలి. రెండు పక్కలవీ ఒకేసారి మారిస్తే మేలు.

రెండింటినీ సమానం చేయడం

జెట్లు శుభ్రం. రబ్బరు మంచిది. ఇప్పుడు ట్యూనింగ్.

ప్రతి కార్బరేటర్‌కు బయట రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి గాలి స్క్రూ. రెండోది స్లో స్క్రూ. గాలి స్క్రూను మెల్లగా లోపలికి తిప్పండి. ఆనగానే ఆపండి. గట్టిగా బిగిస్తే దాని మొన చెడుతుంది. అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి. బండి పుస్తకంలో వేరే లెక్క ఉంటే ఆ లెక్కే పాటించండి. రెండు పక్కలా ఒకే లెక్క.

బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. గాలి స్క్రూను లోపలికి తిప్పితే గాలి తగ్గుతుంది. బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పాలి. తిప్పాక పది లెక్క పెట్టే దాకా ఆగి వినాలి. ఇంజను ఎక్కడ నిలకడగా పలికితే అక్కడ వదలాలి. ఇథనాల్ పెట్రోలుకు సాధారణంగా కొంచెం లోపలికే కుదురుతుంది. ఎంత తిప్పినా ప్లగ్గు తెల్లగానే ఉంటే స్లో జెట్ ఒక సైజు పెద్దది కావాలి. ఆ పని ఉస్తాద్‌ను అడిగి చేయించండి.

ఇప్పుడు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టండి. ఒక జానెడు దూరం ఉండాలి. పొగ దెబ్బలు చేతికి తగులుతాయి. రెండు చేతులకూ ఒకే బలంగా తగలాలి. ఒకటి బలహీనంగా ఉంటే ఆ పక్క స్లో స్క్రూను కొంచెం లోపలికి తిప్పండి. పాత ఉస్తాద్‌లకు మీటర్ అవసరం లేదు. వాళ్ళ అరచేతులే మీటర్లు.

చివరిది రేసు వైరు. రాజ్‌దూత్ 350లో హ్యాండిల్ నుంచి ఒక వైరు దిగుతుంది. అది మూడుగా చీలుతుంది. రెండు వైర్లు రెండు కార్బరేటర్లకు పోతాయి. మూడోది ఆయిల్ పంపుకు పోతుంది. రేసు తిప్పగానే రెండు కార్బరేటర్ల స్లైడ్లు ఒకేసారి లేవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక లేస్తే బండి గుంజుతుంది. ఇంజను ఆపి, గాలి వచ్చే మూతుల్లో వేళ్ళు పెట్టి చూస్తే తెలుస్తుంది. వైరు మీది నట్టుతో సరిచేయాలి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మూడో వైరును మరచిపోతారు. కార్బరేటర్ వైర్లు సరిచేశాక ఆయిల్ పంపు గుర్తు కూడా కలిసిందో లేదో చూడాలి. కలవకపోతే ఇంజనుకు ఆయిల్ తక్కువ పోతుంది. స్లో చక్కగా నిలబడుతుంది, వారం తరువాత పిస్టన్ పట్టేస్తుంది. నా లెక్కలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

ఇన్ని చేసినా స్లో నిలబడకపోతే లోపలి రీడ్ రేకులు విరిగి ఉండవచ్చు. క్రాంక్ ఆయిల్ సీలు పోయి ఉండవచ్చు. అది ఇంటి దగ్గర చేసే పని కాదు.

650 బండి సంగతి

దీనిలో పెట్రోలును కొలిచేది ఒక చిన్న కంప్యూటర్. గాలి ఎంత, వేడి ఎంత, రేసు ఎంత అని సెన్సర్లు చెబుతాయి. ఆ ప్రకారం పెట్రోలు చిమ్ముతుంది. తిప్పడానికి గాలి స్క్రూ లేదు. సీలు వేసిన స్క్రూల జోలికి పోవద్దు.

ఒక మాట. ఈ బండి స్లోలో ధడక్ ధడక్ అని ఎగుడుదిగుడుగా పలుకుతుంది. అది జబ్బు కాదు. దీని రెండు పిస్టన్లు సమాన దూరంలో పేలవు. అట్లాగే తయారు చేశారు. గుంజుడు ఉంటేనే చూడాలి. చైను, రేసు వైరు వదులు, బ్యాటరీ, గాలి ఫిల్టరు వరుసగా చూడండి. గాలి పోయే గొట్టంలో నల్లని మసి పేరుకుంటే శుభ్రం చేయించాలి. మీటరులో ఇంజను దీపం వెలిగితే షోరూములో కంప్యూటర్ పెట్టి చదివిస్తారు. సెన్సర్‌ను ఏమార్చే చిన్న డబ్బాలు అమ్ముతుంటారు. అసలు లోపం దొరికే దాకా అవి కొనకండి.

బండి నెలల తరబడి పెట్టేటప్పుడు

కార్బరేటర్ బండిని వానాకాలమంతా ఇంట్లో పెట్టాలనుకుంటే కాక్ మూయండి. రెండు కప్పుల్లోని పెట్రోలు తీసేయండి. ఒక్కటి తీసి ఒకటి వదిలితే మళ్ళీ ఎడమ, కుడి తేడా వస్తుంది. ఇనుప ట్యాంకును సగం ఖాళీగా పెడితే లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. నిండా పోసి మూత రబ్బరు చూసుకోండి. లేదంటే పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి. మళ్ళీ తీసిన రోజు ముందుగా కాక్ తెరిచి, కొంచెం పెట్రోలు సీసాలో పట్టి, అడుగున పొర ఉందేమో చూసి కిక్కు కొట్టండి.